ఎండకొక టైరు, మంచుకొక టైరు

బండి చక్రానికీ ఋతువుకూ సంబంధమేమిటని మనలో చాలామంది అనుకోవచ్చును. కాని కడప ప్రాంతంలో ఎడ్లబండి తోలినవారికి ఈ సంబంధం బాగా తెలుసు. ఆ బండి చక్రం ఎక్కువగా నల్లతుమ్మ కర్రతో చేసేవారు. నడుమ కుండ, కుండలో నుంచి బయలుదేరే ఆకులు, ఆకుల కొసలను కలుపుతూ వంపు తిరిగిన పూటీలు, వీటన్నిటినీ బిగించి పట్టే ఇనుప పట్టా: ఇదీ చక్రం నిర్మాణం. ఈ పట్టాయే అసలైన టైరు. రబ్బరు పుట్టక ముందు ఇంగ్లీషువారు కూడా టైరు అన్న పేరుతో పిలిచినది దీనినే.

ఈ పట్టాను తొడిగే పని చూడదగినది. కమ్మరి పట్టా చుట్టుకొలతను చక్రం చుట్టుకొలత కంటె కొంచెం తక్కువగా ఉంచుతాడు. పట్టాను నేలమీద పరచి, చుట్టూ పిడకలు పేర్చి, ఎర్రబడేదాకా కాలుస్తాడు. ఇనుము ఒక్కొక్క డిగ్రీ వేడికి తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 12 వంతులు సాగుతుంది. చక్రం అడ్డుకొలత 1.4 మీటర్లయితే దాని చుట్టుకొలత దాదాపు 4.4 మీటర్లు. పట్టా వేడిని 600 డిగ్రీలు పెంచితే అది 3 సెంటీమీటర్ల వరకు సాగుతుంది. అప్పుడు పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు పోస్తారు. చల్లారిన పట్టా ముడుచుకొని కర్రను గట్టిగా బిగిస్తుంది. పూర్వం రైలింజను చక్రాలకు ఉక్కు టైర్లను తొడిగినదీ ఇదే సూత్రంతోనే. మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరుకు 1871 నాటికి పూర్తయిన రైలుమార్గం మీద పరుగెత్తిన ఇంజన్ల వెనుక కమ్మరికి తెలిసిన ఈ విద్యే ఉన్నది.

కాని రాయలసీమ వేసవి ఈ పనిని పరీక్షకు పెడుతుంది. పొడిగాలికి కర్రలోని తేమ ఆరిపోయి పూటీలు కుంచించుకుపోతాయి. ఇనుము మాత్రం ఎండకు కొద్దిగా సాగుతుంది. రెండూ ఎదురు దిక్కులకు నడవడంతో పట్టా వదులవుతుంది. అందుకే వేసవిలో బండిని చెరువులోకో వాగులోకో దింపి చక్రాలను నానబెట్టేవారు. కర్ర నీరు త్రాగి ఉబ్బితే పట్టా మళ్లీ బిగుస్తుంది. ఋతువును బట్టి చక్రాన్ని సవరించుకోవడమంటే ఇదే. కడపలో ఈ సవరణ ఎండ కోసం జరిగింది. మంచు దేశాలలో చలి కోసం జరుగుతున్నది. అక్కడ స్పోర్ట్స్ కారు యజమాని శరత్కాలం ముగియక ముందే టైర్లు మార్చుకోవడం వెనుక ఉన్న కథ ఈ వ్యాసానికి విషయం.

రబ్బరుకు ఇద్దరు శత్రువులు

రబ్బరు చరిత్ర అంతా ఋతువులతో జరిగిన పోరాటమని చెప్పవచ్చును. 1830 ప్రాంతంలో అమెరికాలో రబ్బరు బూట్లు, కోట్లు, సంచులు మోజుగా అమ్ముడుపోయాయి. వేసవి వచ్చేసరికి అవి జిగురై కరిగి కంపు కొట్టాయి. శీతకాలంలో బిరుసెక్కి పగిలిపోయాయి. కొన్నవారు సరకు తిప్పి పంపారు, కంపెనీలు మూతపడ్డాయి. ఈ చిక్కును విడదీయడానికి చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికన్ సంవత్సరాల తరబడి శ్రమపడ్డాడు. 1839లో గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యి తగిలినా కరగకుండా తోలువలె మారడం గమనించాడు. 1844లో పేటెంటు పొందాడు. ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ కూడా ఆ రోజుల్లోనే ఇదే ప్రక్రియకు పేటెంటు సంపాదించాడు. దీనినే వల్కనీకరణం అంటారు. ఇంత మేలు చేసిన గుడ్‌ఇయర్ 1860లో అప్పులతోనే మరణించాడు.

గంధకం చేసిన పని ఏమిటి? రబ్బరు అణువులు చిక్కుపడిన పొడవాటి దారాల వంటివి. పచ్చి రబ్బరులో ఈ దారాలు ఒకదానిమీద ఒకటి జారుతాయి. గంధకం వాటి మధ్య అక్కడక్కడ ముడులు వేస్తుంది. అందుచేత రబ్బరు సాగినా తిరిగి యథాస్థితికి వస్తుంది, వేడికి కరగదు. వేసవి శత్రువు ఇట్లా లొంగిపోయాడు. చలి శత్రువు మాత్రం పూర్తిగా లొంగలేదు. వేడి తగ్గిన కొద్దీ దారాల కదలిక మందగిస్తుంది. ఒకానొక ఉష్ణోగ్రతకు దిగువన అవి దాదాపు స్తంభించి, రబ్బరు గాజువలె పెళుసవుతుంది. సహజ రబ్బరుకు ఈ హద్దు సున్నకు దిగువన 70 డిగ్రీల దగ్గర ఉన్నది. కృత్రిమ రబ్బర్లలో ఒక్కొక్క రకానికి ఒక్కొక్క హద్దు. ఆ హద్దు చేరక ముందే, ఎన్నో డిగ్రీల ఎగువ నుంచే, రబ్బరు బిరుసెక్కడం మొదలవుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తరువాతి కథ అంతా బోధపడుతుంది.

గాలి టైరు వచ్చినది

రాబర్ట్ థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు తీసుకున్నా అది మరుగున పడిపోయింది. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడు చక్రాల సైకిలు కోసం దానిని మళ్లీ కనిపెట్టాడు. 1895లో మిష్లాన్ సోదరులు పారిస్–బోర్డో పందెంలో గాలి టైర్లతో కారు నడిపారు. 1910 దశకంలో రబ్బరులో మసి కలిపి టైరుకు దార్ఢ్యం తెచ్చారు. టైర్లు నల్లగా ఉండటానికి కారణం ఇదే. మన దేశంలో 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో డన్లప్ కర్మాగారం వెలసింది. తరువాతి దశాబ్దాలలో గాలి టైరు ఎడ్లబండికి కూడా ఎక్కింది. టైరు బండి వచ్చిన ఊళ్లలో చక్రాన్ని నానబెట్టే అవసరం తగ్గింది, కమ్మరి కొలిమికి పని కూడా తగ్గింది.

మంచుదారి మీద

చలిదేశాలలో మోటారు బండ్లు వచ్చిన తొలిరోజుల్లో మంచు పడితే వాటిని షెడ్డులో పెట్టేవారు, లేదా చక్రాలకు త్రాళ్లు చుట్టేవారు. ఇది చూచి న్యూయార్కు రాష్ట్రంలోని కానస్టోటా నివాసి హారీ వీడ్ టైరుకు తొడిగే గొలుసులను రూపొందించి 1904లో పేటెంటు పొందాడు. మంచు కనుమలలో బండ్లు నడిపేవారు నేటికీ చక్రాలకు గొలుసులు కడుతున్నారు. అయితే గొలుసులతో వేగంగా పోరాదు. మంచులేని రోడ్డుమీద అవి రోడ్డునూ టైరునూ కూడా చెడగొడతాయి.

మంచు కోసమే ప్రత్యేకంగా చేసిన తొలి టైరు ఫిన్లాండులోని నోకియా పట్టణంలో 1934లో, లారీల కోసం తయారైనది. 1936లో కార్లకు తగిన హక్కపెలీట్టా టైరు వచ్చింది. ఆ దేశపు పూర్వకాలపు అశ్వికుల పేరే దానికి పెట్టారు. లోతైన, ఎడమెడంగా ఉన్న గట్లు దాని విశేషం. గట్ల సందున నలిగిన మంచు ముద్దకట్టి, దారిమీది మంచును పట్టుకుంటుంది. పిల్లలు మంచు ఉండలు చేసేటప్పుడు మంచుకు మంచు అంటుకున్నట్లే ఇదీను.

1960 దశకంలో గట్టి లోహపు మేకులు గుచ్చిన టైర్లు ప్రచారంలోకి వచ్చాయి. గడ్డకట్టిన నీటిమీద అవి బాగా పనిచేశాయి, కాని మంచులేని చోట రోడ్డును గీరి ధూళి లేపాయి. జపానులో సెండై మొదలైన నగరాలలో ఆ ధూళి ప్రజల ఊపిరితిత్తులకు ముప్పుగా మారడంతో 1990లో మేకుల టైర్లను అరికట్టే చట్టం చేశారు. అప్పటికే, 1988లో, ఆ దేశపు బ్రిడ్జిస్టోన్ కంపెనీ సూక్ష్మరంధ్రాలున్న రబ్బరుతో టైరు తెచ్చింది. మంచుగడ్డ మీద మనం జారడానికి ముఖ్య కారణం దాని పైనుండే పలుచని నీటి పొర. ఆ పొరను రంధ్రాలు పీల్చుకుంటాయి, టైరు మీది సన్నని కోతలు చీలుస్తాయి. 1990 దశకంలో రబ్బరులో మసికి తోడు సిలికా కలపడం విస్తరించిన తరువాత టైరు చలిలో కూడా మెత్తదనం కోల్పోకుండా చేయడం సులువైనది.

ఫిన్లాండు 1978లో, స్వీడను 1999లో శీతకాలపు టైర్లను చట్టబద్ధం చేశాయి. కెనడాలోని క్వెబెక్‌లో 2008 నుంచి ఈ నియమం ఉన్నది. ఉత్తర అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఇది చదివి విడిచిపెట్టే విషయం కాదు. అక్కడి మొదటి శీతకాలంలో డ్రైవింగు తెలిసిన మనిషికి కూడా కారు మాట వినకపోవచ్చును.

స్పోర్ట్స్ కారు సంకటం

మామూలు కారుకంటె స్పోర్ట్స్ కారుకు ఈ మార్పు ఎందుకు మరీ అవసరం? దాని టైర్లు వేసవి కోసమే వండిన రబ్బరు. వేడెక్కిన రోడ్డుమీద ఆ రబ్బరు కంకర గరుకులలోకి దిగి పట్టు ఇస్తుంది. చలిలో అదే రబ్బరు బిరుసెక్కి గరుకుల మీద తేలిపోతుంది. సుమారు 7 డిగ్రీల దగ్గర టైర్లు మార్చుకొమ్మని తయారీదారులు చెప్పడం ఇందువల్లనే. నీరు గడ్డకట్టడానికి ఇంకా 7 డిగ్రీలు ఉండగానే పట్టు తగ్గుతుందన్న మాట. మంచు పడే దాకా ఆగుదామనుకోవడం పొరపాటు. పందెపు మైదానాల కోసం చేసిన కొన్ని టైర్లను సున్నకు దిగువన 7 డిగ్రీలకు మించిన చలిలో కదపవద్దనే హెచ్చరిక ఉన్నది, పై రబ్బరు పగలవచ్చును.

రెండవ కారణం వెడల్పు. స్పోర్ట్స్ కారు వెనుక టైరు 30 సెంటీమీటర్ల వెడల్పు కూడా ఉండవచ్చును. బరువు ఎక్కువ వైశాల్యం మీద పరచుకొని, టైరు మంచును కోసుకొని దిగక పైపైన తేలుతుంది. అందుచేత శీతకాలానికి కొంత సన్నని టైరును, తరచుగా ఒక అంగుళం చిన్న చక్రంతో బిగిస్తారు. ఆ చక్రం లోపలి పెద్ద బ్రేకులకు తగలకుండా చూచుకోవాలి. మూడవది, శక్తిగల ఇంజను వెనుక చక్రాలను తిప్పే కారులో కాస్త ఎక్కువ త్రొక్కితే చాలు, తోక పక్కకు పోతుంది. నేలకూ కారు అడుగుకూ మధ్య జానెడు ఎడం కూడా ఉండదు కనుక లోతైన మంచులో ఏ టైరూ దానిని గట్టెక్కించలేదు.

నాలుగు టైర్లనూ ఒకేసారి మార్చాలి. ముందు రెండు మాత్రమే మారిస్తే ముందు భాగం ఆగుతుంది, వెనుక భాగం జారి కారు గిర్రున తిరుగుతుంది. నాలుగు చక్రాలనూ ఇంజను తిప్పే కారుకు ఇది అక్కరలేదనుకోరాదు. ఆ ఏర్పాటు బయలుదేరడానికి తోడ్పడుతుందే గాని ఆగడానికి కాదు. బిగించిన తరువాత 50–80 కిలోమీటర్లు నడిపి బోల్టులను మళ్లీ సరిచూచుకోవాలి. విప్పిన వేసవి టైర్లను చల్లని చీకటి గదిలో, విద్యుత్ మోటార్లకు దూరంగా దాచాలి. మోటార్ల వద్ద పుట్టే ఓజోను రబ్బరును చీలుస్తుంది. వసంతం రాగానే తిరిగి మార్చాలి, ఎందుకంటే శీతకాలపు మెత్తని రబ్బరు ఎండలో త్వరగా అరిగి, బ్రేకు వేసినప్పుడు కారు ఎక్కువ దూరం పోతుంది.

కడపకు ఏమి పాఠం?

కడపలో శీతకాలపు తెల్లవారుజామున కూడా సాధారణంగా వేడి 15 డిగ్రీలకు దిగువకు పోదు. వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలు, తారురోడ్డు అంతకంటె చాలా వేడి. కనుక ఇక్కడ మంచు టైరుతో పని లేదు. కాని సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. 30 డిగ్రీల వద్ద 33 పౌండ్ల గాలి నింపిన టైరులో సున్న డిగ్రీల వద్ద దాదాపు 28 పౌండ్లే ఉంటుంది. చలిదేశంలో వారు గాలి పెంచుకోవలసి వస్తుంది. మన దగ్గర పరిస్థితి తారుమారు. ఎండలో పరుగెత్తిన టైరులో గాలి ఒత్తిడి పెరుగుతుంది. అది చూచి గాలి వదలడం తగదు, చల్లారిన తరువాత ఒత్తిడి అవసరమైన దానికంటె తక్కువైపోతుంది. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలిగి, లోపల వేడెక్కి, నిండు బరువుతో పోతున్నప్పుడు పగలవచ్చును. ఒత్తిడిని ఉదయం, బండి కదలక ముందే చూడాలి.

నేడు టైర్ల తయారీలో తెలుగునేలకు కూడా చోటున్నది. 2009లో శీతకాలపు టైర్లకు పేరుపొందిన డచ్చి సంస్థ వ్రెడెస్టైన్‌ను కొన్న అపోలో కంపెనీ, 2020లో అప్పటి చిత్తూరు జిల్లా చినపాండూరులో కర్మాగారం ప్రారంభించింది. రబ్బరును ఎంత మెరుగుపరచినా అన్ని ఋతువులకూ సమంగా సరిపోయే టైరు మాత్రం ఇంతవరకు రాలేదు. అన్ని కాలాల టైరు అని అమ్మేది రెంటికీ నడుమ చేసుకున్న రాజీ మాత్రమే. ప్రాణం నాలుగు అరచేతులంత రబ్బరు మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ రబ్బరు ఏ వేడికి తగినదో తెలుసుకొని బండి కదిలించడం మేలు.