దశబంధం నుంచి వాటర్‌షెడ్ దాకా

కోలారు, చిక్కబళ్ళాపురం, హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి చెరువు విలువ కొత్తగా చెప్పనక్కరలేదు. నంది కొండల చుట్టుపక్కల పుట్టే ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు వానాకాలంలో నాలుగు రోజులు పారి, ఆపైన ఇసుకగా మిగులుతాయి. పడిన వానను పట్టి నిలుపుకుంటేనే అక్కడ సేద్యం. చెరువును కన్నడిగులు కెరె అన్నా, తమిళులు ఏరి అన్నా, అందరి బతుకూ ఆ కట్ట కిందనే సాగింది.

ఈ చెరువులకు సొమ్ము ఎవరిచ్చారు? ఏ షరతు మీద ఇచ్చారు? మెట్టసీమల చరిత్రలో ఈ రెండో ప్రశ్నే ముఖ్యమైనది.

కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనంతో మొదలుపెడదాం. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన సంస్కృత శాసనమిది. రెండేళ్ళపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, రాతిపనికి వంద బండ్లు పనిచేసినట్లు అందులో ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు లెక్కగట్టి చెప్పారు. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఇలాంటివి ఆ దోషాలు. వాటిలో మరొకటి, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం! సరిహద్దు ఊళ్ళలో బతికే మనకు ఆ మాట మిగతావారికంటే బాగా అర్థమవుతుంది.

అయితే ప్రతి చెరువునూ రాజే తవ్వించలేదు. ఊరి పెద్దలు, నాయకులు, వర్తకులు, ఆలయాలు తమ సొమ్ముతో తవ్వించిన చెరువులే ఎక్కువ. విజయనగర కాలంలో తిరుమల ఆలయం భక్తులిచ్చిన ధనాన్ని దేవుని గ్రామాల్లో కాలువలకు, చెరువులకు పెట్టి, పెరిగిన పంటతో నైవేద్యాలు జరిపించేది. చెరువు తవ్వించినవారికి, తెగిన కట్ట పోయించినవారికి ఇచ్చే మాన్యాన్ని దశబంధం అన్నారు. ఆదాయంలో పదోవంతు విడిచిపెట్టడం దాని మూలార్థం. కన్నడ శాసనాల్లో దీనికి దగ్గరిది కట్టుకొడిగె. తమిళ శాసనాల్లో చెరువు పోషణకు విడిచిన భూమి ఏరిపట్టి.

దశబంధంలో గమనించవలసింది దాని షరతు. పని పూర్తయ్యాక ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకొనే బహుమానం కాదది. చెరువు నిండితే మాన్యం పండుతుంది, కట్ట తెగితే మాన్యమూ ఎండుతుంది. మరమ్మతు చేసినంతకాలమే అనుభవం. మాన్యగాడి లాభమూ చెరువు క్షేమమూ ఒకే ముడిలో ఉండేవి.

అంతా బంగారు కాలమని అనుకోనక్కరలేదు. తూము తెరిచి మడి మడికీ నీళ్ళు పారించిన నీరుగంటి చాలాచోట్ల దళితుడు. ఆ చాకిరీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. వద్దనే స్వేచ్ఛ అతనికి ఉండేది కాదు. మట్టి మోసినవారి పేర్లు శాసనాలకు ఎక్కలేదు.

1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి మాన్యాలన్నింటి లెక్క తీసింది. కట్టలకు, కాలువలకు ఊరివాళ్ళు ఆనవాయితీగా చేసే పనిని, అంటే కుడిమరామత్తును, ఆ ఏడాదే చట్టంతో నిర్బంధం చేసింది. ఊరి కట్టుబాటు సర్కారు హుకుం అయ్యేసరికి అది సరిగా అమలు కాలేదు. మైసూరు సీమలో ఇంజనీరు శాంకీ 1866లో చెరువుల వ్యవస్థను చూసి, ఇక్కడ కొత్త చెరువుకు చోటు వెతకాలంటేనే నేర్పు కావాలని ఆశ్చర్యపోయాడు. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఎగువన కొత్త నీటి పనులు కట్టే విషయమై ఒప్పందం రాసుకున్నాయి. పోరుమామిళ్ళ శాసనం చెప్పిన సరిహద్దు దోషం అలా కాగితం మీదికెక్కింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆంధ్రలో 1956 చట్టంతో ఇనాములు రద్దయ్యాయి. కర్ణాటకలో 1961 చట్టం గ్రామోద్యోగాలను రద్దు చేసి, తోటి, తలారి, నీరుగంటి వంటివారికి వారి మాన్యం భూమిని సొంతం చేసే దారి చూపింది. అది న్యాయమే. కాని నీరుగంటి పనికి జీతమిచ్చి మరొకరిని నిలిపే ఏర్పాటు జరగలేదు. తూము దగ్గర మనిషి లేకుండా పోయాడు. బోరుబావులు వచ్చాక, బోరు ఉన్న రైతుకు చెరువు అవసరమే తోచలేదు.

1973-74లో కేంద్రం కరువు పీడిత ప్రాంతాల పథకం ప్రారంభించింది. దాని తీరుతెన్నులు పరిశీలించిన సంఘానికి అధ్యక్షుడు మన తెలుగు ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు. ఆ సంఘం 1994లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1995 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. సుమారు 500 హెక్టార్ల పరీవాహక ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవాలి, ఊరివాళ్ళే కమిటీగా ఏర్పడి పని చేయించాలి, వాళ్ళూ కొంత వాటా వేసి ఒక నిధి నిలపాలి అన్నారు. గుట్ట మీద పడిన చినుకును గుట్ట మీదే ఆపి, అక్కడి నుంచి చెరువు దాకా రావాలన్నది మంచి ఆలోచన. 2009లో ఈ పథకాలను ఒక్కటి చేశారు. మైదాన ప్రాంతాల్లో హెక్టారుకు అప్పుడు 12 వేల రూపాయలుగా ఉన్న ఖర్చు పరిమితి 2021లో మొదలైన విడతలో 22 వేలయింది. కర్ణాటకలో ప్రపంచ బ్యాంకు అప్పుతో 2002లో మొదలైన పథకం చెరువులను వాడకందార్ల సంఘాలకు అప్పగించింది. తమిళనాడు 2017లో పాత కుడిమరామత్తు పేరునే తిరిగి వాడుకలోకి తెచ్చింది.

సొమ్ము పెరిగింది, శాస్త్రం పెరిగింది. లోటు ఒక్కటే. దశబంధానికి గడువు లేదు, చెరువు ఉన్నంతకాలం అది ఉండేది. ఈనాటి గ్రాంటు నాలుగైదేళ్ళది. చెక్‌డ్యాం కట్టడానికి అంచనా ఉంటుంది, బిల్లు ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. ఆరో ఏట దానిలో పూడిక తీసేదెవరు? ఊరివాళ్ళు వేసిన నిధి ఉద్దేశం అదే. దాన్ని కదిలించే సంఘం బతికి ఉంటేనే ఆ ఉద్దేశం నెరవేరుతుంది.

పాత మాన్యాలు తిరిగి రావు, రాకూడదు కూడా. వాటితోపాటు కులచాకిరీ కూడా వస్తుంది. కాని ఏటా వచ్చే ఆదాయం, చెరువు కోసం జీతంపై నిలిచే మనిషి, ఈ రెండూ ఈనాటి నిబంధనల్లో ఇమడని సంగతులేమీ కావు. మన ఊరికి వాటర్‌షెడ్ గ్రాంటు వచ్చిందని గ్రామసభలో చదివినప్పుడు, అది కన్నడంలో చదివినా తమిళంలో చదివినా, లేచి అడగవలసిన మాట ఒకటే: గడువు తీరాక కట్టను చూసేదెవరు, వారికి కూలి ఇచ్చేదెవరు?