గాజునారకు బంగారు రేకు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ బోటుకు చిల్లు పడితే గాజునార (ఫైబర్‌గ్లాస్) పరిచి, రెజిన్ పూసి మాటు వేస్తారు. ఆ సరుకుతోనే శిల్పి జి.రవీందర్‌రెడ్డి మనిషి ఎత్తు దాటే స్త్రీల తలలు తయారుచేశారు.

ఈ గాజునార పుట్టుక ఓ పొరపాటు. 1932లో అమెరికాలోని ఒహాయోలో డేల్ క్లైస్ట్ అనే కుర్ర పరిశోధకుడు గాజు దిమ్మలను అతికించబోతే, గాలి ధార తగిలి కరిగిన గాజు సన్నని పోగులైపోయింది. దానికి రెజిన్ తోడయ్యాక పడవలొచ్చాయి, కార్ల బాడీలొచ్చాయి.

1956లో సూర్యాపేటలో పుట్టిన రవీందర్‌రెడ్డి బరోడాలో శిల్పం చదివారు. అక్కడి ఆచార్యుడు రాఘవ్ కనేరియా శిల్పే కాదు, ఫొటోగ్రాఫర్ కూడా. గుజరాత్ పల్లెల జానపద కళను కెమెరాకెక్కించారు. పల్లె కళను చిన్నచూపు చూడని బడి అది. తర్వాత లండన్‌లో చదువు, అహ్మదాబాద్‌లో కొలువు, 1990లో విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల విభాగంలో అధ్యాపకుడిగా చేరిక.

శిల్పానికి కంచు వాడదామంటే ఖరీదు, పైగా బరువు. ఫైబర్‌గ్లాస్ తేలిక, ఏ రంగైనా పడుతుంది. పని మాత్రం ఓపికతో కూడింది. ముందు మట్టితో తల చేసి, దానిమీద ప్లాస్టర్ అచ్చు తీయాలి. అచ్చు లోపల రెజిన్ పూసి, గాజునార అతికి, మళ్లీ రెజిన్ పూయాలి. రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ మోతాదు ఎక్కువైతే రెజిన్ వేడెక్కి పగుళ్లిస్తుంది. తక్కువైతే జిగట వదలదు. గట్టిపడ్డాక అచ్చు విప్పి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, రంగు వేయాలి, బంగారు రేకు అతకాలి.

ఈ తలల విప్పారిన కళ్లు, ఎర్రటి పెదవులు, పూలు తురిమిన కొప్పు చూస్తే గ్రామదేవత గుర్తుకొస్తుంది. కానీ ఆ ముఖాలు బజారులో మనకెదురయ్యే మామూలు ఆడవాళ్లవి. 2001లో అవి పిట్స్‌బర్గ్‌లోని ఆండీ వార్హోల్ మ్యూజియం దాకా వెళ్లాయి.

గాజునారను కనిపెట్టింది ఒహాయో. దానికి కొప్పు ముడిచి, పూలు పెట్టి మన మనిషిని చేసింది మాత్రం విశాఖలో పాఠాలు చెప్పిన ఈ మాస్టారు. కొత్త సరుకు దొరకడం సగం పనే. దాంతో ఎవరి ముఖం మలచాలో తెలియడమే అసలు ఆవిష్కరణ.