శంషాబాద్ విమానాశ్రయం – పుట్టుపూర్వోత్తరాలు

ఆత్మకూరు, వనపర్తి, గద్వాల ప్రాంతాలవారు కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్‌ల మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై హైదరాబాదుకు వెళ్లేటప్పుడు నగరంకంటె ముందే ఎదురయ్యే శంషాబాద్‌లో రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008లో వెలసింది. అంతకు పూర్వపు చరిత్ర బేగంపేటది. నిజాం పాలనలో, 1930లలో ఏర్పడిన ఆ విమానాశ్రయమే 1945లో నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్‌కు కేంద్రమైంది. 1953లో జరిగిన జాతీయీకరణలో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది.

కాలక్రమేణా బేగంపేట చుట్టూ నగరం కమ్ముకొని, విస్తరణకు చోటు లేకపోవడంతో బొంగుళూరు, నాదర్‌గుల్, శంషాబాద్ అనే మూడు స్థలాలను పరిశీలించి, జాతీయ రహదారులూ రైలుమార్గమూ చేరువలో ఉన్నందున శంషాబాద్‌ను ఎంపిక చేశారు. గ్రీన్‌ఫీల్డ్ విమానాశ్రయం, అంటే పాత కట్టడాలేవీ లేని నేలపై మొదటినుంచీ నిర్మించేది, ఇక్కడ దాదాపు 5,500 ఎకరాలు కోరింది. ఆ విస్తీర్ణంలో రైతుల పొలాలూ కలిసిపోయాయి; ఈ నిర్మాణ వైభవాన్ని చెప్పే ఏ చరిత్రా వారిని విస్మరించరాదు.

ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో సాగిన ఈ నిర్మాణంలో జీఎంఆర్ సంస్థకు 63 శాతం, మలేసియా విమానాశ్రయాల సంస్థకు 11 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికీ భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థకూ చెరి 13 శాతం వాటాలు ఉండేవి. 2005 మార్చి 16న శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు మొదలు కాగానే బేగంపేటలో ఆ సేవలు నిలిచిపోయాయి. ఏటా 1.2 కోట్లమందికి సరిపడేలా కట్టిన టెర్మినల్‌ను తరువాత 3.4 కోట్లమందికి సరిపోయేలా పెంచారు. 4,260 మీటర్ల ప్రధాన రన్‌వే అతి పెద్ద విమానాలకు సైతం చాలుతుంది.

పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతానికి, అన్నిటికంటె ముఖ్యమైనది మాత్రం కన్సెషన్ ఒప్పందంలోని, అంటే నిర్మించి నడిపే హక్కును నిర్ణీత కాలానికి అప్పగించే పత్రంలోని, ఒక షరతు. దాని ప్రకారం ప్రారంభమైన నాటినుంచి 25 ఏళ్లపాటు, 150 కిలోమీటర్ల గగనదూరంలో మరో పౌర విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయరాదు. ఆత్మకూరు ఆ వలయంలోనిదే. 2021లో ప్రారంభమైన కర్నూలు సమీపంలోని ఓర్వకల్లు విమానాశ్రయం దానికి వెలుపల ఉంది. పెట్టుబడికి భరోసాగా ఆ షరతు అర్థవంతమైనదే అయినా, దాని భారం వెనుకబడిన జిల్లాలపైనే ఎక్కువగా పడింది. వరంగల్లులోని మామునూరు పాత విమానాశ్రయం విషయంలో జీఎంఆర్ అంగీకారం తెలిపిన తరువాతనే పునరుద్ధరణకు దారి ఏర్పడింది. మహబూబ్‌నగర్ జిల్లాలో ప్రతిపాదిత స్థలమైన గుడిబండకు కూడా అలాంటి అంగీకారమే కావాలి, లేదా 2033 దాకా ఆగాలి.