వేంగి చాళుక్య రాజ్యం

వేంగి మొదట ఒక అన్న తన తమ్ముడికి అప్పగించిన సీమ. బాదామి చాళుక్య చక్రవర్తి రెండో పులకేశి పిఠాపురాన్ని, కొల్లేటి ప్రాంతాన్ని గెలిచి, క్రీ.శ. 624 ప్రాంతంలో తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుణ్ణి ఇక్కడ నిలిపాడు. 642లో బాదామి పల్లవుల చేతికి చిక్కినా, తమ్ముడి వంశం నాలుగు శతాబ్దాలకు పైగా సాగింది. ఏలూరు దగ్గరి పెదవేగి వారి రాజధాని. విష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని జైన వసతికి దానం చేసింది. ఐరోపాలో ఫ్రాన్సు రాజు 1363లో చిన్న కొడుక్కిచ్చిన బర్గండీ కూడా ఇలాగే, ఇచ్చిన ఇంటితోనే పోటీ పడే స్థాయికి ఎదిగింది.

రాష్ట్రకూటులకూ చోళులకూ మధ్య నలిగి వేంగి పతనమైందని సాధారణంగా చెబుతారు. ఆ మాటలో సగమే నిజం. పంట పండే డెల్టా, ఓడరేవులున్న తీరం ఎవరికైనా ఆశ పుట్టించేవే. అడ్డుగా నిలిచే పెద్ద కొండలూ లేవు. కానీ ఇదే నేల మీద, ఇదే శత్రువుల నడుమ గుణగ విజయాదిత్యుడు (848–892) రాష్ట్రకూటుల మీదికే దండెత్తి కిరణపురాన్ని, అచలపురాన్ని తగలబెట్టించాడు. ఆయన పోగానే రాష్ట్రకూట సేనలు వేంగిలోకి దిగాయి. కారణం భూగోళం కాదు, సింహాసనం మీద దాయాదుల తగువు. చాళుక్య భీముడికి వారసత్వం దక్కడం పినతండ్రి యుద్ధమల్లుడికి గిట్టలేదు. అప్పటి నుంచి గద్దె దక్కనివాడల్లా రాష్ట్రకూటుల సాయం కోరడం రివాజైంది. బెజవాడలో కుమారస్వామి గుడి గురించి మధ్యాక్కర పద్యాల్లో శాసనం వేయించిన రెండో యుద్ధమల్లుడు కూడా, తెలుగు పద్యానికి అంత మేలు చేసినవాడైనా, వారి అండతోనే పాలించాడు. తరువాతి వేంగి రాజు రెండో అమ్మరాజును దాయాది దానార్ణవుడు కూలదోశాడు; 973లో తెలుగు చోడ నాయకుడు జటాచోడ భీముడు దానార్ణవుణ్ణి చంపాడు. దానార్ణవుడి కొడుకులు చోళుల తంజావూరులో తలదాచుకున్నారు. 1000 ప్రాంతంలో రాజరాజ చోళుడు వారిలో శక్తివర్మకు గద్దె తిరిగి ఇప్పించాడు.

అంటే చోళులు వేంగిని మింగేశారనవచ్చు కదా? శక్తివర్మ తమ్ముడు విమలాదిత్యుడు రాజరాజ చోళుడి కూతురు కుందవను, వారి కొడుకు రాజరాజ నరేంద్రుడు రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని పెళ్లాడారు. నన్నయ మహాభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టింది ఈ నరేంద్రుడి కొలువులోనే. ఆయన కొడుకే 1070లో కులోత్తుంగుడి పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు. వంశం ఓడలేదు, నిజానికి గెలిచింది. ఓడింది రాజ్యం. రాజు దక్షిణానికి వెళ్లిపోగా, వేంగి అతని కొడుకులు రాజప్రతినిధులుగా ఏలే పరగణా అయింది. ఆ తరువాత చందవోలు నుంచి వెలనాటి చోడులు చోళుల పేరిట ఈ సీమను పాలించారు.