విన్స్ భారీ రవాణా సంస్థ

బ్రిటన్‌లోని దక్షిణ వేల్స్‌లో న్యూపోర్ట్ కేంద్రంగా పనిచేసిన రవాణా సంస్థ. పూర్తి పేరు రాబర్ట్ విన్ అండ్ సన్స్. 1863లో మొదలైంది. ఈ పేరు వినగానే పాత లారీల అభిమానులకు గుర్తొచ్చేవి పసిఫిక్ బళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న ట్యాంకులను లాక్కురావడానికి అమెరికా సైన్యం చేయించిన ఎం26లు ఇవి. యుద్ధం ముగిశాక మిగులు సరుకుగా అమ్ముడైనవాటిని విన్స్ కొని, కవచపు క్యాబిన్లు తీసేసి, పెట్రోలు ఇంజిన్ల స్థానంలో డీజిల్‌వి బిగించి, రోడ్డు పనికి మలిచింది. సంస్థ అసలు ప్రతిభ ఆ వర్క్‌షాపు పనిలోనే కనిపిస్తుంది. డ్రెడ్‌నాట్ వంటి పేర్లు పెట్టుకున్న ఈ బళ్లు వంద టన్నులు దాటిన ట్రాన్స్‌ఫార్మర్లను సైతం చేరవేశాయి. మరీ బరువైన సరుకైతే ఒక బండి ముందు నుంచి లాగేది, మరొకటి వెనక నుంచి నెట్టేది. ఇద్దరు డ్రైవర్లకూ వేగం కలవాలి, అది ఏళ్ల అనుభవంతో వచ్చే నేర్పు. తర్వాతి కాలంలో స్కామెల్ కాంట్రాక్టర్ బళ్లు వచ్చాయి.