సెలవుపై వెళ్లిన సిపాయి: ‘ఉరులవాండ్లు’ అనే మాట, దారిలో మాయమైనవారి చరిత్ర

1810లో కంపెనీ సైన్యాధికారి మేజర్ జనరల్ సెయింట్ లెజర్ తన సిపాయిలకు ఒక హెచ్చరిక జారీ చేశాడు. సెలవుపై స్వగ్రామాలకు వెళ్లేవారు జీతపు బకాయిలను నగదుగా వెంట తీసుకుపోరాదనీ, హుండీలుగా మార్చుకోవాలనీ, దారిలో పరిచయం లేనివారితో కలిసి నడవరాదనీ అందులోని సారాంశం. ఉత్తర హిందుస్థానపు బాటలపై థగ్గులనే హంతకులు తిరుగుతున్నారన్నది దానికి కారణం.

ఈ హెచ్చరిక వెలువడేనాటికే ఎందరో యువకులు మాయమయ్యారు. వారి అదృశ్యం చాలాకాలం ఎవరి దృష్టికీ రాకపోవడానికి కారణం సులభంగానే బోధపడుతుంది. సెలవు ముగిసినా తిరిగిరాని సిపాయి పారిపోయాడని పటాలంలో అనుకునేవారు. అతడు పటాలంలోనే ఉన్నాడనో, యుద్ధంలో మరణించాడనో ఇంటివారు అనుకునేవారు. ఈ రెండు ఊహల నడుమ అతని శవం ఏ పాడుబావిలోనో ఉండేది. ఎటావా మేజిస్ట్రేటు థామస్ పెర్రీకి 1809 ప్రాంతంలో బాటల పక్క బావులలో శవాలు దొరికాయి. అయితే అవి ఎవరివో చెప్పగలవారు ఆ చుట్టుపక్కల లేరు. హతులు దూరప్రాంతీయులు. ఫిర్యాదు చేయవలసినవారికి మరణవార్తే తెలియదు. హంతకుల ఎంపికలోని కౌశలమంతా ఇదే: ఊరికి దూరమై, గమ్యానికి ఇంకా చేరనివాడిని, ఎవరూ వెంటనే వెతకనివాడిని పట్టుకోవడం.

థగ్గుల గురించిన రచనలలో హంతకుల భాష, ఆచారాలు, కాళికారాధన విస్తారంగా చర్చకు వచ్చాయి. హతుల స్థానం ఏమిటన్న ప్రశ్నను తెలుగు ప్రాంతపు ఆధారంతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చిత్తూరు సీమ సాక్ష్యం

థగ్గుల చరిత్ర అనగానే జబల్పూరు, నర్మదా తీరం, స్లీమన్ గుర్తుకు వస్తాయి. కాని ఈ నేరవ్యవస్థ తీరు ఇంగ్లీషువారికి దక్షిణాదిలో ముందే కొంత తెలిసింది. మద్రాసు సెయింట్ జార్జి కోటలో వైద్యుడైన రిచర్డ్ షెర్వుడ్ ‘ఫాన్సీగార్ల’ గురించి రాసిన వ్యాసం 1816లో మద్రాసులోనూ, 1820లో ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ 13వ సంపుటంలోనూ అచ్చయింది. తిరువాన్కూరు వైపు దోపిడీకి పోయి సొత్తుతో తిరిగివస్తున్న ముఠాలో కొందరు 1807లో చిత్తూరు, ఆర్కాటుల మధ్య పట్టుబడ్డారనీ, వారి ద్వారానే ఈ ముఠాల పద్ధతులు క్రమంగా బయటపడ్డాయనీ అతడు నమోదు చేశాడు. ఈ ముఠాలకు పాలెగాండ్ల ఆశ్రయం ఉండేదనీ, ప్రతిఫలంగా దోపిడీ సొత్తులో వారికి భాగం ముట్టేదనీ కూడా రాశాడు.

భాషాధ్యయనం చేసేవారికి ఆ వ్యాసంలో విలువైనది ఒక చిన్న ప్రస్తావన. ఈ హంతకులను తెలుగువారు ‘వర్లు వాండ్లు’, ‘వర్లు వేషే వాండ్లు’ అని చదవదగిన పేర్లతో పిలుస్తారని షెర్వుడ్ రోమన్ లిపిలో రాసి, ‘ఉరి ప్రయోగించేవారు’ అని అర్థం చెప్పాడు. ఇవి ‘ఉరులవాండ్లు’, ‘ఉరులు వేసేవాండ్లు’ అనే మాటలే అనుకోవచ్చు. ‘ఉరులు’ వ్యవహారంలో ‘ఉర్లు’ అవుతుంది. పదాది ఉకారానికి ముందు వకారం వినిపించడం మన నోళ్లలో మామూలే. ‘వేసే’లోని సకారం తాలవ్యంగా పలకడమూ, ‘వాండ్లు’ అన్న రూపమూ వాడుక భాషవే. అంటే షెర్వుడ్ ఈ మాటను నిఘంటువులో చూసి కాక, జనం నోట విన్నవారి ద్వారా గ్రహించి ఉంటాడు. రెండు శతాబ్దాల కిందటి వ్యావహారిక ఉచ్చారణకు ఒక నేర చరిత్ర వ్యాసం సాక్ష్యం కావడం విశేషమే.

అర్థం మరింత ఆలోచింపజేస్తుంది. తెలుగులో ‘ఉరులు’ ప్రధానంగా వేటకాని సాధనం. పిట్టలకూ మృగాలకూ ఒడ్డేది. ‘ఉరి తీయడం’ ప్రభుత్వం వేసే శిక్ష, ‘ఉరులు వేయడం’ వేటగాని పని. షెర్వుడ్ ఇచ్చిన తమిళ పేరు ‘అరి తులుక్కర్’లో మతసూచన ఉంది. తెలుగు పేరులో మతం లేదు, కులం లేదు. చేసే పని మాత్రమే ఉంది. దారిన పోయేవాడు వేటజంతువుతో సమానమయ్యాడన్న స్ఫురణ అందులో ఉంది. హతుని వైపు నుంచి పుట్టిన పేరు ఇది అని నా అభిప్రాయం.

ఆధారాల స్వభావం

తరువాతి చరిత్ర ఈ మాటకు ఎదురు దిశలో నడిచింది. 1836 నాటి 30వ చట్టం ప్రకారం ఫలానా హత్య చేశాడని రుజువు చేయనక్కర లేకుండా, థగ్గుల ముఠాకు చెందినవాడని తేలితే చాలు, యావజ్జీవ కఠిన శిక్ష విధించవచ్చు. పని మీది పేరు మనిషి స్వభావానికి గుర్తుగా మారింది. పుట్టుకనే నేరంగా చూసిన 1871 నాటి నేరస్థ జాతుల చట్టానికి ఇది దారి వేసింది. ఆ చట్టపు నీడ ఎరుకల వంటి సమాజాలపై ఎలా పడిందో తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనక్కర లేదు. రాధికా సింఘా వంటి చరిత్రకారులు ఈ చట్టాలను నిశితంగా పరిశీలించడం అవసరమైన పనే. అయితే ఆ విమర్శను సాగదీసి, థగ్గులు కేవలం వలస పాలకుల కల్పన అనే వాదం కూడా వచ్చింది. దానితో ఏకీభవించడం కష్టం. చట్టం కన్నా ముందే బావులలో శవాలున్నాయి. స్లీమన్ కన్నా ముందే తెలుగులో మాట ఉంది.

అసలు చిక్కు మరొకటి. హతుల గురించి మనకు తెలిసినదంతా దాదాపుగా హంతకులు చెప్పినదే. క్షమాభిక్ష ఆశతో అప్రూవర్లుగా మారినవారి వాంగ్మూలాలలో హతుడు ఒక వృత్తి, ఒక సంఖ్య, కొంత సొమ్ము. నైజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో ప్రకటించిన నవల ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’లో కూడా కథ చెప్పేవాడు హంతకుడైన అమీర్ అలీయే. ఆ కంఠం ఎంత ఆకర్షణీయమో, అంతగా హతులను మరుగుపరుస్తుంది.

సలోదా దగ్గర మామిడితోపులో స్లీమన్ గుడారం వేసుకున్నప్పుడు, పట్టుబడిన ఫిరంగియా అక్కడే సమాధులను చూపించాడు. 1818లో చంపిన ఒక పండితుడు, ఆరుగురు అనుచరులు గుడారపు తాళ్ల మధ్య. 1824లో చంపిన ఒక హవల్దారు, నలుగురు సిపాయిలు గుర్రాలు కట్టిన చోట. గంగాజలం మోసే నలుగురు బ్రాహ్మణులు, ఒక స్త్రీ గుడారం కిందనే. పైన గడ్డి మొలిచి, తవ్విన జాడ ఏదీ లేకపోయిందని స్లీమన్ రాశాడు. అతని వాక్యంలో ఆ నలుగురు సిపాయిలకు సంఖ్య ఉంది, హత్య జరిగిన సంవత్సరం ఉంది, పేర్లు లేవు. వారి పేర్లు ఏ పటాలపు చిట్టాలోనో, బహుశా పారిపోయినవారి జాబితాలో, ఉండి ఉంటాయి.