ఫణిగిరి స్తూపం: చెట్టూ పుట్టా

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో, ఇప్పటి సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఫణిగిరి ఉంది. ఊరి పక్క గుట్ట పడగ ఎత్తిన పాములా ఉంటుంది. అందుకే ఆ పేరు. ఆ గుట్ట మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం ఉంది.

1940ల మొదట్లో హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. 2001 తర్వాత మళ్లీ తవ్వితే విహారాలు, చైత్యాలు, చెక్కడాలున్న తోరణం ముక్కలు, బ్రాహ్మీ శాసనాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడు కనీసం 18 ఏళ్లు పాలించాడని ఇక్కడి శాసనం వల్లే తెలిసింది. ఆ శాసనమున్న ధర్మచక్ర స్తంభాన్ని నిలిపింది రాజు కాదు, ఒక ప్రధాన వైద్యుడు. 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. అంటే ఇది భిక్షువులు మాత్రమే మసలిన చోటు కాదు, నలుగురూ వచ్చిపోయిన చోటు.

నేను చదువుకునే రోజుల్లో ఒక సారు మమ్మల్ని "చెట్టుకూ పుట్టకూ మొక్కేవాళ్లు" అని నవ్వేవారు. తల వంచుకునేవాళ్లం. టీచర్ ట్రైనింగ్ అయ్యాక స్తూపాల గురించి చదివితే వేరే సంగతి తెలిసింది. తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. బోధివృక్షం, చక్రం, పాదాలు, ఖాళీ ఆసనం చెక్కి, ఆయన ఇక్కడ ఉన్నాడని చూపారు. వానలో బుద్ధుడికి పడగ పట్టింది ముచిలిందుడనే నాగరాజు. అమరావతి పలకల మీద స్తూపాన్ని చుట్టుకున్న నాగులు కనిపిస్తారు. బౌద్ధం ఊళ్లలోకి వచ్చినప్పుడు అక్కడి జనం మొక్కే చెట్టునూ పామునూ తోసెయ్యలేదు, తనలో కలుపుకుంది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శనకు పెట్టిన పేరే "చెట్టు, పాము". ఫణిగిరి శిల్పాలూ అక్కడికి వెళ్లాయి.

స్తూపం మా తాతలు కట్టారని నేను అనడం లేదు. దానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ మా పెద్దలు మొక్కింది మూఢత్వమైతే, ఆ రాతి మీద చెక్కినదాన్ని కళ అని ఎట్లా అంటాం? రెండింటికీ ఒకే తూకం ఉండాలి.

అమరావతి స్తూపం రాళ్లు చాలా వరకు ఇళ్ల గోడల్లోకీ సున్నపు బట్టీల్లోకీ పోయాయి. ఫణిగిరికి ఆ గతి పట్టకూడదంటే చుట్టుపక్కల పిల్లలకు దాని విలువ తెలియాలి. ఉపాధ్యాయ మిత్రులు పిల్లలను ఒక్కసారైనా ఆ గుట్ట ఎక్కించండి. రాజుల పేర్లతో పాటు చెట్టు గురించి, పాము గురించి కూడా చెప్పండి. వినే పిల్లల్లో మా పిల్లలూ ఉంటారు.